30×40 సైటులో ఇంటి గోడలు, ఫ్లోర్లు, పునాది సాఫ్ట్‌వేర్‌లో గీసుకోవడం: మొదటి కొలత నుంచి ప్రింటు దాకా

బెంగళూరులో సైటు కొనుక్కున్న మనవాళ్ల దగ్గర్నుంచి మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఇది: "ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లేలోపు మాకు ఏం కావాలో మేమే గీసుకుందామని కూర్చున్నాం. గోడలు గీశాం, 3డిలో ఇల్లు కనిపిస్తోంది. కానీ గదుల కొలతలు కుదరడం లేదు, ఒకటి రెండు గదులకి ఫ్లోర్ రావడం లేదు, పునాది ఎక్కడ గీయాలో అసలే అర్థం కావడం లేదు. ఎక్కడ పొరపాటు?"

చాలావరకు పొరపాటు గీత గీయకముందే జరిగిపోతుంది. సాఫ్ట్‌వేర్ తెరవగానే అందులో ఉండే కొలతలు మన ఇళ్లవి కావు. స్వీట్ హోమ్ 3డిలో కొత్త గోడ మందం 7.5 సెంటీమీటర్లు, అంటే 3 అంగుళాలు. చీఫ్ ఆర్కిటెక్ట్, హోమ్ డిజైనర్ లాంటి అమెరికా ప్యాకేజీల్లో బయటి గోడ అంటే చెక్క ఫ్రేము గోడ. మనం కట్టే సాలిడ్ బ్లాక్ గోడ రెండింట్లోనూ దానంతటదే రాదు, మనమే పెట్టుకోవాలి. అందుకే గోడ మందం, లెవెల్స్ (ఏది ఎంత ఎత్తులో వస్తుందో) ముందు కాగితం మీద తేల్చుకోవాలి. ఆ తరవాత సైటు, బయటి గోడలు, కాలమ్‌లు (పిల్లర్లు), లోపలి గోడలు, ఫ్లోర్లు, చివరికి పునాది. ఈ వరస మారిస్తే ప్రతి అడుగులోనూ వెనక్కి రావాల్సి వస్తుంది.

ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది కాబట్టి స్వీట్ హోమ్ 3డిలో చేసి చూపిస్తాను. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి బటన్ల పేర్లు మారతాయి, వరస మారదు.

ఒక్క మాట ముందే. ఫుటింగ్ (కాలమ్ కింద నేలలో వేసే కాంక్రీటు దిమ్మ) ఎంత వెడల్పు, ఎంత లోతు, కాలమ్‌లో ఎంత కంబి అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు మట్టి పరీక్ష చూసి చెప్పాల్సినది. మనం గీసే పునాది ఎక్కడ ఏది వస్తుందో, దేనికి ఏది అడ్డమో చూసుకోవడానికే.

1. సైటు కొలతలు

సేల్ డీడ్‌లో 30×40 అని ఉన్నంత మాత్రాన నేల మీద కూడా అంతే ఉంటుందని అనుకోకండి. టేపు పట్టుకుని నాలుగు వైపులా కొలవండి. తరవాత మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవండి. 30×40 సైటు మూలమట్టంగా ఉంటే కర్ణం సరిగ్గా 50 అడుగులు రావాలి. మేస్త్రీలు మూల తీయడానికి వాడే 3-4-5 లెక్కే ఇది, పదింతలు పెద్దది. రెండు కర్ణాలూ సమానంగా లేకపోతే సైటు వంకరగా ఉన్నట్టు. ఆ వంకరని అలాగే గీయాలి, సర్దేయకూడదు.

మనకి గజాల లెక్క అలవాటు, ఇక్కడ అందరూ చదరపు అడుగుల్లో మాట్లాడతారు. 1200 చదరపు అడుగులంటే సుమారు 133 గజాలు. ఊళ్లో చూసిన 200 గజాల ఇంటి ప్లాను తెచ్చి ఇందులో ఇరికించాలని చూస్తే మెట్ల దగ్గరే ఆగిపోతారు.

ఎత్తులు కొలవడం చాలామంది వదిలేస్తారు. బెంగళూరు నేల ఎగుడుదిగుడు. 40 అడుగుల సైటులో కూడా ముందు నుంచి వెనక్కి అడుగు, అడుగున్నర తేడా ఉండటం మామూలే. మేస్త్రీ దగ్గరుండే నీళ్ల ట్యూబుతో రోడ్డు మధ్య నుంచి నాలుగు మూలలకి లెవెల్ తీయించుకోండి.

ఇంటికి వచ్చేటప్పటికి మీ దగ్గర ఉండాల్సినవి:

☐ నాలుగు భుజాలు, రెండు కర్ణాలు
☐ రోడ్డు మధ్యతో పోలిస్తే నాలుగు మూలల ఎత్తు
☐ ఉత్తరం ఎటు ఉందో (ఫోన్ దిక్సూచి సరిపోతుంది, కరెంటు స్తంభానికి దూరంగా నిలబడి చూడండి)
☐ డ్రైనేజీ మ్యాన్‌హోల్ ఎక్కడుంది, నీళ్ల లైను ఎటు నుంచి వస్తుంది
☐ పక్కింటి గోడ హద్దు మీదే ఉందా, ఎంత వదిలి కట్టారు
☐ నాలుగు వైపులా ఎంత స్థలం వదలాలో ఆర్కిటెక్టు చెప్పిన అంకెలు

చివరిది సొంతంగా ఊహించుకోకండి. సైటు కొలతని, రోడ్డు వెడల్పుని బట్టి మారుతుంది, నియమాలు కూడా అప్పుడప్పుడూ సవరిస్తుంటారు. ఇక్కడ ఉదాహరణకి తూర్పు రోడ్డు, ముందు 4 అడుగులు, మిగతా మూడు వైపులా 3 అడుగులు అనుకుందాం. ఇల్లు బయటి నుంచి బయటికి 24×33 అవుతుంది.

2. లెవెల్స్ పట్టిక కాగితం మీద

అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. గోడ ఎత్తు, ఫ్లోర్ మందం, పునాది లోతు ఒకే సున్నా నుంచి లెక్కించాలి. రోడ్డు మధ్య భాగాన్ని సున్నాగా పెట్టుకోవడం మంచిది. సైటు నేలని సున్నాగా పెట్టుకుంటే, రేపు మట్టి తీసినా పోసినా సున్నా కదిలిపోతుంది.

ప్లింత్ (నేల పైనుంచి ఇంటి గచ్చు దాకా ఉండే అరుగు భాగం) ఎత్తు చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటుంది. బెంగళూరులో దానికి ఇంకాస్త కలుపుకోవడం నయం. పాత తారు తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేసిన ప్రతిసారీ రోడ్డు మట్టం పెరుగుతుంది. పాత కాలనీల్లో గడప దిగి ఇంట్లోకి వెళ్లాల్సిన ఇళ్లు మీరూ చూసే ఉంటారు. పెద్ద వాన పడితే ఆ ఇళ్ల పరిస్థితి ఏమిటో చెప్పక్కర్లేదు. అందుకే ఉదాహరణలో ప్లింత్ రెండున్నర అడుగులు పెడుతున్నాను.

రోడ్డు మధ్య: 0
గ్రౌండ్ ఫ్లోర్ టైల్ పైభాగం: 2 అడుగుల 6 అంగుళాలు
ఫస్ట్ ఫ్లోర్ టైల్ పైభాగం: 12 అడుగుల 6 అంగుళాలు
టెర్రస్: 22 అడుగుల 6 అంగుళాలు

అంతస్తుకి 10 అడుగులు వచ్చింది. అందులో స్లాబ్ 5 అంగుళాలు, దాని మీద సిమెంటు పరుపు, టైలు కలిపి 2 అంగుళాలు పోతే, లోపల నిలబడే ఎత్తు 9 అడుగుల 5 అంగుళాలు. కోడ్ అడిగే కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే 9 అడుగుల పైన ఒక్క పిసరు. ఫాల్స్ సీలింగ్ వేయించాలనుకుంటే 10 అడుగులు సరిపోదు, 10 అడుగుల 6 అంగుళాలకి వెళ్లండి. మెట్ల లెక్క దాన్నిబట్టి మారుతుంది కాబట్టి ఇప్పుడే తేల్చుకోవాలి.

3. సెట్టింగులు మార్చండి

ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి మూడు మార్పులు చేయండి. యూనిట్ అడుగులు-అంగుళాలు. కొత్త గోడ మందం 8 అంగుళాలు. కొత్త గోడ ఎత్తు 9 అడుగుల 5 అంగుళాలు. కొత్త లెవెల్ (సాఫ్ట్‌వేర్‌లో అంతస్తుని ఇలా అంటారు) ఫ్లోర్ మందం అడిగితే 7 అంగుళాలు, అంటే స్లాబ్ 5, పైన 2.

ఈ మార్పు ఇకముందు గీసే గోడలకే వర్తిస్తుంది. ఇప్పటికే గీసినవి మారవు. వాటన్నింటినీ ఎంచుకుని విడిగా మార్చాలి.

అంగుళాలు టైప్ చేసేటప్పుడు జాగ్రత్త. 9 అడుగుల 6 అంగుళాలని 9.6 అని కొడితే, దశాంశ అడుగుల్లో లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని 9 అడుగుల 7.2 అంగుళాలుగా తీసుకుంటుంది. 9.5 అని కొడితేనే 9 అడుగుల 6 అంగుళాలు. ఒక్కో గోడకి అంగుళం, అంగుళంపావు చొప్పున తేడా వచ్చి, చుట్టూ తిరిగి వచ్చేసరికి మూల కలవదు. అడుగు గుర్తు, అంగుళం గుర్తు పెట్టి టైప్ చేసే అలవాటు చేసుకోండి.

4. సైటు హద్దు, దిక్కు

ముందు సైటు హద్దుని సన్నటి గీతగా గీయండి. పాలీలైన్ పరికరం ఉంటే అది వాడండి. హద్దుని గోడగా గీస్తే కాంపౌండ్ గోడకీ ఇంటికీ మధ్య ఉన్న ఖాళీని కూడా గది అనుకుని ఫ్లోర్ వేసేసే ప్రమాదం ఉంది.

చేత్తో గీసిన ప్లాను ఉంటే ఫోటో తీసి బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్‌గా పెట్టుకోవచ్చు. అప్పుడు స్కేల్ కోసం ఒక గీత లాగి దాని అసలు పొడవు చెప్పమంటుంది. చిన్న బాత్రూమ్ గోడ మీద ఆ గీత లాగకండి. చిత్రంలో అన్నింటికంటే పొడవైన కొలత, అంటే 40 అడుగుల వైపు తీసుకోండి. 4 అడుగుల గీత మీద అంగుళం తప్పితే 40 అడుగుల దగ్గర అది 10 అంగుళాలవుతుంది. ఫోటో వాలుగా తీస్తే స్కేల్ ఎంత సరిచేసినా ఒక పక్క సాగుతుంది, అందుకే స్కాన్ చేయించడం మేలు.

దిక్సూచి బొమ్మని ఉత్తరానికి తిప్పేయండి. ఎండ ఎటు నుంచి పడుతుందో 3డిలో సరిగ్గా కనిపించాలన్నా, వాస్తు చూసేవారికి ప్లాను చూపించాలన్నా ఇది తప్పదు. వాస్తు, ఆయం లెక్క చూపించే ఉద్దేశం ఉంటే ఆ కొలత లోపలిదా, బయటిదా, ప్లాస్టరింగ్ అయ్యాకా, ముందా అని ఇప్పుడే అడిగి రాసుకోండి. గోడలన్నీ గీశాక అడిగితే మొత్తం చెరపాల్సి వస్తుంది.

5. బయటి గోడలు

స్వీట్ హోమ్ 3డి గోడని మధ్యగీత మీద గీస్తుంది. మీరు లాగిన గీతకి అటు సగం, ఇటు సగం మందం వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఇల్లు హద్దులోకి చొచ్చుకుపోయిందని కంగారు పడేవాళ్లు చాలామంది.

మనకి బయటి నుంచి బయటికి 24×33 కావాలి. గోడ 8 అంగుళాలు. ఇటు 4, అటు 4 తీసేస్తే మధ్యగీత 23 అడుగుల 4 అంగుళాలు, 32 అడుగుల 4 అంగుళాలు. గీయాల్సింది ఈ కొలతలతో.

అ. క్రియేట్ వాల్స్ నొక్కి, సైటు వాయవ్య మూల నుంచి లోపలికి రెండు వైపులా 3 అడుగుల 4 అంగుళాల దగ్గర మొదటి క్లిక్ చేయండి. 3 అడుగులు వదిలిన ఖాళీ, 4 అంగుళాలు సగం గోడ.

ఆ. మౌస్‌ని తూర్పు వైపు కదిలించి ఎంటర్ నొక్కండి. పొడవు టైప్ చేసే చోటు వస్తుంది. 32 అడుగుల 4 అంగుళాలు కొట్టండి. మౌస్‌తో లాగి కంటితో సరిచూసుకోవడం కంటే ఇది వందసార్లు నయం.

ఇ. గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరగండి. అప్పుడు ప్రతి గోడకీ కుడి వైపు లోపలి ముఖం, ఎడమ వైపు బయటి ముఖం అవుతుంది. రంగులు, టైల్స్ పెట్టేటప్పుడు నాలుగు గోడలూ ఒకేసారి ఎంచుకుని పని ముగించవచ్చు.

ఈ. చివరి గోడని మొదటి గోడ మొదలైన చోటే క్లిక్ చేసి మూసేయండి. దగ్గరగా వచ్చి ఆగిపోతే కంటికి మూసినట్టే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం తెరిచే ఉంటుంది. ఆ మూలని బాగా జూమ్ చేసి చూడండి. రెండు గోడలూ కలిసిన చోట అడ్డగీత కనిపించకూడదు.

సైటు మూలమట్టంగా ఉంటే గోడ దానంతటదే 15 డిగ్రీల చొప్పున నిటారుగా అతుక్కుంటుంది. వంకర సైటులో ఆ అతుకుడు అడ్డం వస్తే విండోస్‌లో ఆల్ట్ (మ్యాక్‌లో కమాండ్) నొక్కి పట్టుకుని గీయండి. అయినా నా సలహా ఒకటే: సైటు వంకరగా ఉన్నా ఇల్లు వంకరగా గీయకండి. పొడవైన హద్దుకి సమాంతరంగా ఇల్లు మూలమట్టంగా పెట్టి, వంకరని ఖాళీ స్థలంలో వదిలేయండి. వంకర గదిలో టైల్స్ వేసేటప్పుడు, వార్డ్‌రోబ్ చేయించేటప్పుడు పడే బాధ ఇంటి జీవితమంతా ఉంటుంది.

చీఫ్ ఆర్కిటెక్ట్, హోమ్ డిజైనర్ వాడేవాళ్లు గోడ రకాన్ని ముందే ఎంచుకోవాలి. కాంక్రీట్ బ్లాక్ లేదా మేసనరీ రకం తీసుకుని మందం 8 అంగుళాలకి మార్చండి, దాన్నే డిఫాల్టుగా పెట్టండి.

6. కాలమ్‌లు ముందు, లోపలి గోడలు తరవాత

ఇంజనీరు ఇంకా కాలమ్ స్థానాలు ఇవ్వకపోయినా నాలుగు మూలల్లో, మధ్యలో 10 నుంచి 12 అడుగులకొకటి చొప్పున తాత్కాలికంగా పెట్టుకోండి. 9×12 అంగుళాల డబ్బాలు చాలు. 8 అంగుళాల గోడలో 9 అంగుళాల కాలమ్ అంగుళం బయటికి వస్తుంది, అది ప్లాస్టరింగ్‌లో సర్దుకోవచ్చు. 4 అంగుళాల లోపలి గోడలో అదే కాలమ్ 5 అంగుళాలు గదిలోకి పొడుచుకొస్తుంది. అక్కడే వార్డ్‌రోబ్ ఉందా, తలుపు తెరుచుకుంటుందా అన్నది ఇప్పుడే తెలియాలి.

ఇక లోపలి గోడలు. 24 అడుగుల వెడల్పులో పక్కపక్కన రెండు బెడ్‌రూమ్‌లు అనుకుందాం. కాగితం మీద చెరో 12 అడుగులు. నిజంగా ఎంత వస్తుందో చూడండి.

బయటి గోడలు రెండూ కలిపి 16 అంగుళాలు పోతే మిగిలేది 22 అడుగుల 8 అంగుళాలు. మధ్య గోడ 4 అంగుళాలు పోతే 22 అడుగుల 4 అంగుళాలు. రెండుగా పంచితే గదికి 11 అడుగుల 2 అంగుళాలు. లోపలి ప్లాస్టరింగ్ ముఖానికి 12 మిల్లీమీటర్ల చొప్పున రెండు ముఖాలకీ కలిపి ఇంకో అంగుళం తింటుంది. చివరికి చేతికొచ్చేది 11 అడుగుల 1 అంగుళం.

ఆ గదిలో 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్, ఆరున్నర అడుగుల పొడవు మంచం ఎదురెదురుగా పెడితే నడవడానికి మిగిలేది 2 అడుగుల 7 అంగుళాలు. కాగితం మీది 12 అడుగులు నమ్ముకుంటే మూడున్నర అడుగులు ఉందనుకుంటారు. వార్డ్‌రోబ్ తలుపు తెరిస్తే మనిషి పక్కన నిలబడగలడా లేదా అన్నది ఆ 11 అంగుళాల్లోనే తేలుతుంది.

సైటు మీద మేస్త్రీ మొదట అడిగే ప్రశ్న, "సార్, ఇది లోపలి కొలతా, బయటి కొలతా?" అనే. మీ ప్లానులో ప్రతి గదికీ లోపలి కొలత, ఇంటి చుట్టూ బయటి కొలత విడివిడిగా వేసి ఉంటే ఆ ప్రశ్నకి ప్లానే జవాబు చెబుతుంది.

లోపలి గోడ గీసేటప్పుడు మందం మార్చడం మరచిపోకండి. బాత్రూమ్ గోడల్లో పైపులు లోపల పరిగెత్తించాలంటే 4 అంగుళాల బ్లాక్‌ని చెక్కితే బలహీనపడుతుంది. ఆ ఒక్క గోడనీ 6 అంగుళాలు పెట్టండి.

7. ఫ్లోర్లు

బయటి, లోపలి గోడలన్నీ మూసుకున్నాక క్రియేట్ రూమ్స్ ఎంచుకుని గది మధ్యలో డబుల్ క్లిక్ చేయండి. లోపలి అంచుల మేరకు ఫ్లోర్ దానంతటదే వస్తుంది, విస్తీర్ణం కూడా చూపిస్తుంది. రాకపోతే గోడ ఎక్కడో మూయలేదన్నమాట. చేత్తో చుట్టూ గీసి ఫ్లోర్ వేసేయాలనిపిస్తుంది, వేయకండి. ఆ సందుని వెతికి పూడ్చండి. లేకపోతే రేపు గోడ జరిపినప్పుడల్లా చుట్టూ మళ్లీ చేత్తో గీయాల్సి వస్తుంది.

గోడ జరిపిన తరవాత ఫ్లోర్ దానితో పాటు కదలదని కూడా గుర్తుంచుకోండి. పాత ఫ్లోర్ చెరిపి మళ్లీ డబుల్ క్లిక్ చేయడమే శుభ్రమైన పద్ధతి. ఒకదాని మీద ఒకటి రెండు ఫ్లోర్లు పడితే 3డిలో ఆ చోట మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. అది కనిపిస్తే కారణం ఇదే.

ఇల్లంతా ఒకే ఫ్లోర్ వేసేయడం ఇంకో పొరపాటు. ప్రతి గదికీ విడి ఫ్లోర్ ఉండాలి. అప్పుడే ఏ గదికి ఎన్ని చదరపు అడుగుల టైల్స్ కావాలో లెక్క వస్తుంది.

మేడ మీది బాత్రూమ్ విషయం కాస్త ఆగి చూడాలి. పైపులు స్లాబ్ మీదే తిరగడానికి అక్కడి స్లాబ్‌ని దింపి పోస్తారు, సంకెన్ స్లాబ్ అంటారు. అది 9 అంగుళాలు దిగితే కింది గదిలో ఆ భాగం ఎత్తు 9 అడుగుల 5 అంగుళాల నుంచి 8 అడుగుల 8 అంగుళాలకి పడిపోతుంది. కింద హాలు ఉంటే సీలింగ్‌లో గడ్డలా కనిపిస్తుంది. బాత్రూమ్ మీదే బాత్రూమ్ వచ్చేలా గీస్తే ఈ బాధ ఉండదు. కింద కూడా ఆ దింపు ఫాల్స్ సీలింగ్ వెనక దాగిపోతుంది. స్వీట్ హోమ్ 3డిలో దీన్ని చూపించాలంటే 9 అంగుళాలు దిగువన ఇంకో లెవెల్ సృష్టించి బాత్రూమ్ ఫ్లోర్‌ని అందులో గీయాలి. అంత ఓపిక లేకపోతే ప్లాను మీద "ఇక్కడ స్లాబ్ 9 అంగుళాలు దిగువ" అని రాసి పెట్టండి, అదీ పనికొస్తుంది.

8. పై అంతస్తు, మెట్లు

యాడ్ లెవెల్ నొక్కి, ఎత్తు 10 అడుగులు వచ్చిందో లేదో చూడండి (ప్లింత్ రెండున్నర అడుగులు 9వ భాగంలో కలిపాక అది పట్టికలోని 12 అడుగుల 6 అంగుళాలు అవుతుంది). లేకపోతే గోడ ఎత్తో, ఫ్లోర్ మందమో తప్పు పడినట్టు. కింది అంతస్తు గోడలు మసకగా కనిపిస్తాయి. వాటి మీద కంటితో చూసి గీయకుండా, కింది బయటి గోడలని కాపీ చేసి పై లెవెల్‌లో పేస్ట్ చేయండి. పేస్ట్ చేశాక ఒక మూల జూమ్ చేసి, కింది గోడ మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడండి.

మెట్లకి ఈ లెక్క ఉంచుకోండి. 10 అడుగులు ఎక్కాలి. కోడ్ ప్రకారం మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదు, తొక్కుడు (మెట్టు మీద కాలు పెట్టే చోటు) 250 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. 17 ఎత్తులు పెడితే ఒక్కోటి 7 అంగుళాల చిల్లర, పెద్దవాళ్లకి కూడా హాయిగా ఉంటుంది. మధ్యలో మలుపుతో 8, 9గా విడదీస్తే పెద్ద వరసలో 8 తొక్కుళ్లు, ఒక్కోటి 10 అంగుళాలు, మొత్తం 6 అడుగుల 8 అంగుళాలు. దానికి 3 అడుగుల ల్యాండింగ్ కలిపితే 9 అడుగుల 8 అంగుళాల పొడవు, అడ్డం సుమారు 6 అడుగుల 4 అంగుళాలు. 30×40లో ఈ దీర్ఘచతురస్రాన్ని అన్నిటికంటే ముందు ఎక్కడో ఒకచోట స్థిరపరచండి.

9. పునాది

పునాది తెలియడం లేదని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఒకే బటన్ కోసం వెతుకుతున్నారు. చీఫ్ ఆర్కిటెక్ట్‌లో, హోమ్ డిజైనర్‌లో ఆ బటన్ ఉంది, బిల్డ్ ఫౌండేషన్ అంటే కింద సున్నా అంతస్తు వచ్చేస్తుంది. అయితే మామూలుగా అది ఇచ్చేది బయటి గోడల వెంట కొనసాగే పునాది గోడ, దాని కింద పట్టీలా ఫుటింగ్. బెంగళూరులో రెండు మూడు అంతస్తుల ఇళ్లు ఎక్కువగా అలా కట్టరు. కాలమ్‌కొక ఫుటింగ్, పైన కాలమ్‌లని కలుపుతూ ప్లింత్ బీమ్, వాటి మధ్య సైజు రాళ్ల కట్టు లేదా బ్లాకు గోడ, లోపల మట్టి నింపుడు. కాబట్టి ఆ బటన్ నొక్కి వచ్చిన బొమ్మని నమ్మి కాంక్రీటు లెక్క కట్టకండి.

స్వీట్ హోమ్ 3డిలో పునాది పరికరం అసలు లేదు. ఇలా చేయండి.

అ. ఫస్ట్ ఫ్లోర్ లెవెల్ ఎత్తుని 12 అడుగుల 6 అంగుళాలకి, గ్రౌండ్ ఫ్లోర్ లెవెల్ ఎత్తుని 2 అడుగుల 6 అంగుళాలకి మార్చండి, గ్రౌండ్ లెవెల్‌కి ఫ్లోర్ మందం 6 అంగుళాలు పెట్టండి. అడుగున 4 అంగుళాల కాంక్రీటు, పైన 2 అంగుళాల ఫ్లోరింగ్. ఇల్లు గాల్లో తేలినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి.

ఆ. ఎత్తు 0 దగ్గర ప్లింత్ అని ఒక లెవెల్ చేర్చి, బయటి గోడల్ని అందులోకి కాపీ చేసి ఎత్తు 2 అడుగులు ఇవ్వండి. 2 అడుగుల గోడ, 6 అంగుళాల ఫ్లోర్, మొత్తం రెండున్నర. సందు పూడుతుంది. సైటు రోడ్డు కంటే పల్లంగా ఉంటే ఆ తేడా కూడా ఈ గోడ కిందికి కలపాలి.

ఇ. దాని కింద పునాది అని ఇంకో లెవెల్. ఇంజనీరు 5 అడుగుల లోతు అంటే లెవెల్ ఎత్తు మైనస్ 5 అడుగులు. అందులో ప్రతి కాలమ్ కింద ఇంజనీరు చెప్పిన కొలతతో ఒక డబ్బా పెట్టండి, మధ్య మీద మధ్య వచ్చేలా. ఈ లెవెల్‌లో గది గీయకండి. నేల కింద గది గీస్తే స్వీట్ హోమ్ 3డి అక్కడ నేలని తవ్వినట్టు చూపిస్తుంది. సంపుకి మాత్రం అదే కావాలి, కాబట్టి సంపుని గదిగానే గీయండి.

ఈ. ఇప్పుడు పైనుంచి ప్లాను చూడండి. పునాది గీసినందుకు ఫలితం దక్కేది ఇక్కడే.

4 అడుగుల చదరపు ఫుటింగ్ అయితే, గోడ మధ్యగీత నుంచి బయటికి 2 అడుగులు, అంటే గోడ బయటి అంచు నుంచి 1 అడుగు 8 అంగుళాలు వెళుతుంది. 3 అడుగుల ఖాళీ ఉన్న వైపు ఇబ్బంది లేదు. ఏదైనా వైపు ఒక్క అడుగే వదిలారా, ఫుటింగ్ పక్కవాళ్ల నేలలోకి 8 అంగుళాలు వెళ్లినట్టే. అలాంటప్పుడు ఫుటింగ్‌ని ఒక పక్కకి జరపడమా, రెండు కాలమ్‌లకి కలిపి వేయడమా అన్నది ఇంజనీరు తేల్చాలి. తవ్వకం మొదలుపెట్టే రోజు కాకుండా ఇప్పుడే అడగగలగడం మీకు చాలా మేలు.

సంపు చూడండి. మనవాళ్లు ఈశాన్యంలోనే కావాలంటారు, తూర్పు రోడ్డు ఇంట్లో అదే ముందు మూల. సరిగ్గా అక్కడే మూల కాలమ్ ఫుటింగ్ కూడా ఉంటుంది. సంపు గొయ్యి ఫుటింగ్ అడుగు కంటే లోతుగా, దాన్ని ఆనుకుని తవ్వితే ఆ కాలమ్ కింద మట్టి వదులవుతుంది. ఈ రెండు డబ్బాలు మీ ప్లానులో ఆనుకున్నా, ఒకదాని మీదకి ఒకటి వచ్చినా ఎర్ర రంగు పెట్టి ఇంజనీరుకి చూపించండి.

వాననీటి గొయ్యి కూడా అంతే. బెంగళూరులో 30×40 సైటులో కొత్తగా కట్టే ఇంటికి వాననీటి సేకరణ తప్పనిసరి. ఇంకుడు గొయ్యి ఫుటింగ్‌కి దూరంగా ఉండాలి. చోటు లేదని చివర్లో పునాది పక్కన తోసేస్తే, ప్రతి వానాకాలం నీళ్లు తెచ్చి పునాదికి పోసినట్టవుతుంది.

బెంగళూరు ఎర్రమట్టి సాధారణంగా బాగానే మోస్తుంది. అయితే పాత చెరువు అంచుల్లో, నింపిన నేలల్లో లేఅవుట్లు చాలా ఉన్నాయి. మీ సైటు అలాంటి చోట ఉంటే పునాది లోతు అంకె మారుతుంది. మట్టి పరీక్ష వచ్చేదాకా ఈ లెవెల్‌ని తాత్కాలికం అని పేరు పెట్టి ఉంచండి.

10. చిక్కు, పరిష్కారం

☐ 3డిలో మూల దగ్గర సన్నటి వెలుగు గీత కనిపిస్తోంది: రెండు గోడలు తాకలేదు. ఒకదాని చివర పట్టుకుని రెండోదాని చివరకి లాగండి.
☐ తలుపు గోడలో కూర్చోకుండా బయట నిలబడింది: తలుపు మందం గోడ మందంతో కలవలేదు, లేదా అక్కడ ఒకే చోట రెండు గోడలు పడ్డాయి. గోడని క్లిక్ చేసి చెరపండి, కింద ఇంకోటి ఉంటే తెలిసిపోతుంది.
☐ పై అంతస్తు గోడ కింద ఏమీ లేదు: కింద గోడో బీమో ఉండాలి. 4 అంగుళాల గోడైనా సరే ప్లానులో గుర్తు పెట్టి ఇంజనీరుని అడగండి.
☐ మెట్లు పై ఫ్లోర్‌ని పొడుచుకుని వెళ్లలేదు: మెట్లు కింది లెవెల్‌లోనే ఉన్నాయా, వాటి ఎత్తు సరిగ్గా 10 అడుగులు ఉందా చూడండి.
☐ గది విస్తీర్ణం నమ్మశక్యంగా లేదు: బ్యాక్‌గ్రౌండ్ స్కేల్ తప్పు. తెలిసిన ఒక తలుపు వెడల్పు కొలిచి చూస్తే బయటపడుతుంది.

11. ప్రింటు

ప్రతి అంతస్తుకీ ఒక కాగితం, పునాదికి ఒకటి, లెవెల్స్ పట్టిక ఒకటి. ఆర్కిటెక్టుకీ ఇంజనీరుకీ ఇవి ఇచ్చి మాట్లాడితే మొదటి సమావేశంలోనే అసలు విషయానికి వస్తారు. 3డి బొమ్మలు ఇంట్లో అమ్మానాన్నలకి చూపించడానికి బాగుంటాయి, వాళ్లకి అవి చాలు.

పేజ్ సెటప్‌లో స్కేల్ 1:50 పెట్టండి. 30×40 సైటు ఆ స్కేల్‌లో ఏ4 కాగితం అడ్డంగా పెడితే సరిపోతుంది, బయటి షాపుకి వెళ్లక్కర్లేదు. ప్రింటు వచ్చాక స్కేలు పెట్టి 40 అడుగుల వైపు కొలవండి. 24.4 సెంటీమీటర్లు ఉండాలి, 30 అడుగుల వైపు 18.3. తక్కువ వస్తే ప్రింటరులో పేజీకి సరిపోయేలా కుదించే ఆప్షన్ ఆన్‌లో ఉన్నట్టు. దాన్ని తీసేసి మళ్లీ తీయండి.